దించిన తీగలు

కాలేజీ వాళ్లు ఆ రోజుకి సంస్కృతుల దినం అని పేరు పెట్టుకున్నారు. పిట్టకి మాత్రం అది పరీక్ష రోజు. మధ్యాహ్నం మూడింటికి కాలేజీ ఆర్కెస్ట్రాకి ఎంపిక. వయొలిన్‌కి ఖాళీ ఒక్కటే. ఆ ఒక్క కుర్చీ కోసం పిట్ట దేశం కాని దేశం వచ్చి, నేల మీద బాసింపట్టు వేసుకుని వాయించే అలవాటు మానుకుని, నిలబడి గడ్డం కింద వయొలిన్ ఇరికించుకోవడం మొదటినుంచీ నేర్చుకుంది. రెండేళ్లలో మెడ మీద కాయ కాసింది.

పిట్ట అన్నది మేనత్త పెట్టిన పిలుపు. ఏడో ఏట కమాను చేతికిచ్చి, పదమూడేళ్లు కూర్చోబెట్టి సంగీతం నేర్పింది ఆ అత్తే.

పొద్దున్నే, విదేశీ విద్యార్థుల మంచిచెడ్డలు చూసే మేడమ్ పరుగున వచ్చింది. వేణువు వాయించాల్సినవాడికి జ్వరమట.

"నువ్వే గట్టెక్కించాలమ్మా. పదంటే పది నిమిషాలు, మీ సంగీతం. జరీ అంచు చీర ఉందన్నావుగా, అది కట్టుకో."

"మధ్యాహ్నం నాకు ఎంపిక ఉంది మేడమ్."

"అది మధ్యాహ్నం కదా!"

అడిగింది పెద్దావిడ. పెద్దవాళ్లని కాదనడం పిట్టకి ఇంట్లో ఎవరూ నేర్పలేదు. మొహమాటం ఒక్కటే అయితే ఎలాగో తప్పించుకునేది, దానికి ఆశ కూడా తోడైంది. అత్త నేర్పిన పాట వాయించి ఎనిమిది నెలలైంది మరి.

కానీ ఆ పాటకి పై రెండు తీగలూ వదులు చేసి శ్రుతి దించాలి. దించిన తీగ పైకి పాకుతుంది. మళ్లీ ఎక్కిస్తే ఒక పూటదాకా కుదురుగా నిలవదు, కిందికి జారుతూనే ఉంటుంది. ఈ సంగతి పిట్టకి తెలియక కాదు. ఉన్నది ఒక్క వయొలిన్. కాలేజీది కావాలంటే వారం ముందే కాగితం పెట్టుకోవాలి. నాలుగు గంటలు టైముందిలే అనుకుని బిరడలు తిప్పింది. తెలిసి తెలిసి చేసిన బుద్ధితక్కువ పని అది.

హాల్లో బల్లకో దేశం. పిట్ట క్లాసులోనే పెద్ద వయొలిన్‌లాంటి చెల్లో వాయించే కుర్రాడు ఒక బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ల పేర్లు తన లిపిలో రాసిస్తున్నాడు.

"నా కోడిగీతలకి మా బళ్లో గోడకుర్చీ వేయించేవారు. ఇక్కడేమో ఫ్రేము కట్టించుకుంటామంటున్నారు," అని గొణిగాడు. పిట్ట నవ్వింది. ఆ రోజు మొత్తంలో నవ్వింది ఆ ఒక్కసారే.

వేదిక మీద తివాచీ, నాలుగు దిళ్లు. పాత పద్ధతిలో కింద కూర్చుని మడమ మీద వయొలిన్ తల ఆనించబోతే, అలవాటు తప్పిన కాలు మాట వినలేదు. ఫోటోగ్రాఫర్ కళ్లు మూసుకోమన్నాడు, మూసుకుంది. పది నిమిషాలు వాయించాక హాలు దద్దరిల్లేలా చప్పట్లు. ఒకావిడ వచ్చి చెయ్యి పట్టుకుని, "ఎంత హాయిగా ఉందో! నిద్ర పట్టేసింది," అంది. దానికి థాంక్స్ చెప్పింది పిట్ట. ఇంకేం చెబుతుంది పాపం.

మూడింటికి ముగ్గురు పెద్దల ముందు నిలబడింది. మళ్లీ ఎక్కించిన తీగలకి నాలుగుసార్లు శ్రుతి చూసుకుని మొదలుపెట్టింది. మొదటి పేజీ బాగానే గడిచింది. రెండో పేజీలో పై తీగలు జారాయి. వేళ్లు స్థానాలు వెతుక్కుంటూ అటూ ఇటూ పాకాయి. ఎలాగో చివరిదాకా లాక్కొచ్చి, చీవాట్లకి సిద్ధపడి తల వంచుకుంది.

ఆర్కెస్ట్రా నడిపే పెద్దాయన చిరునవ్వు నవ్వాడు. "మీ సంప్రదాయంలో స్వరాన్ని అలా జారుస్తారు కదా. చాలా అందంగా ఉంది. కాకపోతే మాకు అందరూ ఒకేలా వాయించేవాళ్లు కావాలి."

"సంప్రదాయం కాదండీ. తీగ జారింది. పొద్దున దించాను. తప్పు నాది."

"అయ్యో, సిగ్గెందుకమ్మా? మీ మూలాలే మీ బలం."

పిట్టకి ఒళ్లు మండింది. బాగా వాయించలేదని తిట్టినా తలవంచి పడేది. తన తప్పుని తీసుకెళ్లి అత్త సంగీతానికి అంటగట్టాడే, అది దిగమింగలేకపోయింది.

ఐదింటికి జాబితా అంటించారు. కుర్చీ ఇంకెవరికో వెళ్లింది. పక్క కాగితంలో పిట్ట పేరుంది, వచ్చే ఏడాది సంస్కృతుల దినానికి.

మెట్ల మీద కూలబడి అత్తకి ఫోన్ చేసింది. పొద్దుటి వీడియో కాలేజీ వాళ్లు అప్పటికే పెట్టారు.

"చూశానే. చీర బావుంది. చప్పట్లు కూడా బానే కొట్టారు."

"ఎలా వాయించానత్తా?"

"షడ్జం తీగ శ్రుతి మించి పైకి పోయింది, రెండో నిమిషానికే. చివరిదాకా అలాగే వాయించేశావు. వినబడలేదూ?"

తప్పు ఆ పెద్దాయనకే కాదు, పొద్దున పిట్టకీ తెలియలేదు. పదమూడేళ్లు అత్త పెంచిన చెవి అది.

"అంతమందిలో ఒక్కళ్లూ చెప్పలేదుటే?"

"ఇక్కడ నాకెవరూ తప్పు చెప్పరత్తా," అంటూనే ఏడ్చేసింది పిట్ట. "ఇంకా ఏమేం తప్పులున్నాయో చెప్పు. ఒక్కటీ వదలకు."

అత్త వీడియో మళ్లీ మొదటినుంచి పెట్టి, ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. తప్పులు చాలానే ఉన్నాయి.