చేతులు మారని నారింజ బిబ్

నేను ఒక బిబ్‌ను. చంటిపిల్లల మెడకు కట్టే గుడ్డకూ నాకూ చుట్టరికం పేరు వరకే. ఫుట్‌బాల్ ఆటలో, ఆడకుండా పక్కన కూర్చున్నవాడు చొక్కా మీద తొడుక్కునే నారింజ రంగు జాలీ బనీనును నేను. నాకు చేతుల్లేవు, కాలరు లేదు, వీపు మీద అంకె లేదు. నన్ను వేసుకున్నవాడు ప్రస్తుతం ఆటలో లేడని దూరం నుంచే అందరికీ తెలియాలి. ఆ ఒక్క పనికే నన్ను కుట్టారు.

కుట్టింది రేకుల షెడ్డులో స్వరూప అనే ఆవిడ. కుట్టేటప్పుడు నన్ను వెలుతురుకు పట్టి చూసి, ఇన్ని చిల్లులున్న బట్ట డబ్బులిచ్చి ఎవరు కొంటారని నవ్వింది. కొనేవాళ్లు దొరికారు. మల్కాజిగిరిలో రైలు పట్టాల పక్కన, చుట్టూ వల కట్టిన పచ్చటి కృత్రిమ గడ్డి మైదానం ఒకటి ఉంది. ముప్పై ఐదేళ్లు దాటిన మగవాళ్లు అక్కడ ఆదివారం పొద్దున్నే లీగు ఆడుకుంటారు. జట్టుకు ఒక బిబ్ చొప్పున లీగువాళ్లు పంచిపెట్టినప్పుడు నేను మిర్జాలగూడ మిత్రుల జట్టుకు పడ్డాను. ఆ జట్టు కెప్టెన్ విక్టర్ నన్ను అందుకుని, చూడకుండానే సంచిలో కుక్కాడు. నా జీవితంలో మొదటి సన్మానం అదే.

రిఫరీ ఖాజా సార్ వ్యాయామ ఉపాధ్యాయుడిగా రిటైరైన పెద్దమనిషి. ప్రతి ఆటకూ ముందు అందరినీ గుండ్రంగా నిలబెట్టి నిబంధనలు అప్పజెప్పేవారు. వయసు రుజువుకు ఆధార్ కార్డు చూపించాలి. బయట జుట్టుకు రంగేసి వయసు దాచుకునేవాళ్లంతా ఇక్కడ మాత్రం గర్వంగా తీసి చూపించేవారు. జారుతూ వచ్చి ఎదుటివాడి కాళ్ల మీద పడకూడదు. సోమవారం అందరూ ఆఫీసుకు పోవాలి కదా. మోకాలి కింద ఎముకకు తొడుగులు తప్పనిసరి అంటే కొందరు మేజోళ్లలో అట్టముక్కలు దోపుకొచ్చేవారు. ఉంగరాలు తీసెయ్యాలంటే, వేలు లావైంది రావట్లేదని ఒకాయన, తీస్తే ఇంట్లో ఊరుకోరని ఇంకొకాయన బతిమాలేవారు. రిఫరీని తిట్టకూడదు. సారుకు నాలుగు భాషలు వచ్చు కాబట్టి భాష మార్చి తిట్టినా లాభం లేదు. ఇక వచ్చిన ప్రతివాడినీ, ఎంత చేతకానివాడైనా సరే, రెండు సగాల్లోనూ కాసేపు ఆడించి తీరాలి.

చివరి నిబంధన నా గురించి. ఆటగాణ్ణి మార్చాలంటే, దిగబోయేవాడు నన్ను విప్పి చేత పట్టుకుని గీత దగ్గర నిలబడాలి. బయటికొచ్చేవాడు అక్కడికే వచ్చి, నన్ను చేత్తో అందుకుని తొడుక్కోవాలి. నేను చేతులు మారితేనే మార్పిడి చెల్లుతుంది, అంతవరకు గీత దాటకూడదు. సారు ఇది చెబుతుంటే సగం మంది బూట్ల లేసులు బిగించుకుంటూ ఉండేవారు.

ఆ మాటలు శ్రద్ధగా వినేవాడు లింబాద్రి ఒక్కడే. నలభై ఆరేళ్ల మనిషి, కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. ఒక గది, ఒక కుర్చీ, గోడ నిండా మీటర్లు, బయట ట్రాన్స్‌ఫార్మర్ల మోత. అక్కడ మాట్లాడే తోడు లేదు. ఇంట్లోనూ లేదు. భార్య కాలం చేసి నాలుగేళ్లు, పిల్లల్లేరు. టీ కొట్టు దగ్గర విక్టర్ తనకు మనుషులు తక్కువవుతున్నారని ఎవరితోనో అంటుంటే విని, అడగకుండానే నేనొస్తానన్నాడట. జట్టులో చేరాడు గానీ ఆట మాత్రం ఆయనలో చేరలేదు. బంతి కుడికి పోతే ఆయన ఎడమకు పోయేవాడు. జట్టు దృష్టిలో ఆయన ఆటలో అరటిపండు.

అందుకని ఆదివారాల్లో ఎక్కువసేపు నేను ఆయన ఒంటి మీదే ఉండేదాన్ని. అందరికంటే ముందు వచ్చి మూలల్లో జెండాలు పాతేవాడు. విరామంలో తినడానికి బత్తాయిలు వొలిచి డబ్బాలో తెచ్చేవాడు. తొనలు తినేటప్పుడు అందరూ చుట్టూ చేరేవారు, తిన్నాక చెదిరిపోయేవారు. ఆయన బెంచీ మీద కూర్చుని ఆట చూస్తుంటే గుండె చప్పుడు నాకు తెలిసేది. తన వంతు దగ్గరపడేకొద్దీ అది ఎక్కువయ్యేది. చాలాకాలం అది ఆడాలన్న ఆత్రం అనుకున్నాను. కాదని ఆయన చెయ్యి చూశాక తెలిసింది. గీత దగ్గర నన్ను ఎదుటివాడికి అందించేటప్పుడు, అవతలి చెయ్యి తగిలాక ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆలస్యంగా వదిలేది. వారం మొత్తంలో ఆయన్ని ఇంకో మనిషి తాకేది అప్పుడే. అవతలివాడికి అదేమీ పట్టేది కాదు. ఆయాసపడుతూ నన్ను లాక్కుని పోయేవాడు. ఆ ఒక్క క్షణం కోసం ఆయన ఆదివారం దాకా బతికేవాడంటే మీరు నమ్మాలి. నాకు చాలా జాలేసేది.

వానాకాలం విడత ముగుస్తుండగా లీగు పెద్దలు కొత్త మాట చెప్పారు. వచ్చే విడత నుంచి జట్టుకు పన్నెండు పేర్లే. వలలోపలికి ఆ పన్నెండుగురు తప్ప ఇంకెవరూ రాకూడదు. మిర్జాలగూడ మిత్రులు పదమూడు మంది. ఆ పదమూడోవాడు ఎవరో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. విక్టర్ మంచివాడే, మొహమాటస్తుడు. ఆఖరి ఆట అయ్యాక చూద్దాంలే అన్నాడు. ఆ "చూద్దాం" లింబాద్రి ప్రాణం మీదికి తెచ్చింది. కొత్త బూట్లు కొన్నాడు. సాయంత్రాలు సబ్‌స్టేషన్ ప్రహరీకి బంతి తన్నుతున్నానని విక్టర్‌తో చెబితే, విక్టర్ నవ్వి, భుజమైనా తట్టకుండా వెళ్లాడు. ఆఖరి ఆటనాడు బెంచీ మీద కూర్చుని, ఎవరూ వినడం లేదనుకుని, "ఒక్కటి పడితే చాలు" అని తనలో తాను అనుకున్నాడు. నేను విన్నాను.

ఆ రోజు అల్వాల్ జట్టుతో ఆట. చెరొక గోలు మీద నడుస్తోంది. ముగింపు దగ్గరపడింది, లింబాద్రిని రెండో సగంలో ఇంకా దించలేదు. ఖాజా సార్ చేతి గడియారం చూపించి గుర్తు చేస్తే, విక్టర్ తప్పనిసరై జోయెల్‌ను బయటికి రమ్మన్నాడు. జోయెల్ జట్టులో చురుకైన ఆటగాడు. గెలిపించే గోలు తన కాలి నుంచే రావాలని ఉన్నవాడు. అరటిపండు కోసం తనను తీసేశారని కోపమొచ్చి, గీత దగ్గరికి రాకుండా మైదానానికి అవతలి వైపు, నీళ్ల క్యాను ఉన్న దిక్కుకు, నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

లింబాద్రి నన్ను విప్పి చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. నేను గాలికి ఊగుతున్నాను. ఆట ఆగలేదు. మా జట్టు ఒక మనిషి తక్కువై తడబడుతోంది. బంతి దొర్లుకుంటూ ఇటువైపే వచ్చింది. "దిగన్నా, దిగు" అని విక్టర్ కేకేశాడు. లింబాద్రి ఒకసారి అవతల జోయెల్ వైపు చూశాడు. నన్ను నడుము పట్టీలో దోపుకుని గీత దాటాడు.

తర్వాత జరిగింది నేను నడుము దగ్గర వేలాడుతూ చూసినది. ప్రహరీ గోడ పుణ్యమో ఏమో, ఆయన కాలు మొదటిసారి బంతికి సరిగ్గా తగిలింది. గోల్‌కీపర్ కదిలేలోపే బంతి వలలో పడింది. లింబాద్రి ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయాడు. విక్టర్ వచ్చి వాటేసుకున్నాడు. ఒకరి వెనక ఒకరు వచ్చి మీద పడ్డారు. అన్ని చేతులు ఒక్కసారే ఆయన మీద. వాటి మధ్య నేను నలిగిపోయాను గానీ, ఆ నలగడం ఎంత బాగుందో చెప్పలేను. ఆయన కళ్లు మూసుకున్నాడు.

ఈల మోగింది. ఖాజా సార్ దగ్గరికొచ్చి ఆయన నడుము దగ్గర నారింజ రంగు తోకను వేలితో చూపించారు. చేతులు ఒక్కొక్కటే ఆయన మీద నుంచి జారిపోయాయి.

"దేఖో లింబాద్రి భాయ్, మార్పిడి ఇద్దరి పని. ఒక్కడు చేస్తే చెల్లదు," అన్నారు సార్. గొంతులో కోపం లేదు, బాధే ఉంది.

గోలు చెల్లదన్నారు. బంతి అల్వాల్ వాళ్లకిచ్చారు. మావాళ్లు ఇంకా తెల్లమొహాలేసుకుని ఉండగానే వాళ్లు గోలు వేసి గెలిచేశారు. ఆ తర్వాత చూడాలి మావాళ్ల తీరు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కొందరు నన్నే తిట్టారు. ఇంత చిన్న రూలు తెలియదా అని లింబాద్రిని అడిగారు, ఆ రూలు చెప్పేటప్పుడు లేసులు కట్టుకున్నవాళ్లు. దిగమని కేకేసిన విక్టర్ బూట్లు విప్పుకుంటూ కూర్చున్నాడు. జోయెల్ నీళ్లు తాగుతున్నాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. లింబాద్రి ఎవరి పేరూ ఎత్తలేదు. ఖాళీ బత్తాయి డబ్బా తీసుకుని స్కూటరెక్కాడు. నన్ను నడుము నుంచి తియ్యడం కూడా మరిచిపోయాడు.

అలా ఆయన ఇల్లు చూశాను. ఒక కంచం, ఒక గ్లాసు, దండెం మీద ఒక తువ్వాలు. ఆయన నన్ను బకెట్లో నానబెట్టి సబ్బు పెట్టి ఉతికాడు. పుట్టాక నాకు సబ్బు తగలడం అదే మొదటిసారి. గట్టిగా పిండలేదు, కుట్టు ఊడుతుందేమోనని భయపడ్డాడు. దండెం మీద తువ్వాలు పక్కన ఆరేసి, చాలాసేపు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వారం పొడుగునా ఫోను చూసుకుంటూనే ఉన్నాడు. అది శనివారం మోగింది. విక్టర్.

"లింబాద్రన్నా, బిబ్ నీ దగ్గర్నే ఉన్నదా?"

ఉన్నది, రేపు తెస్తానన్నాడు లింబాద్రి. పన్నెండు పేర్లు ఇచ్చేశామని, ఏమనుకోవద్దని, చూడటానికి మాత్రం ఎప్పుడైనా రావచ్చని విక్టర్ గబగబా చెప్పి పెట్టేశాడు. లింబాద్రి ఫోను చెవి దగ్గరే ఉంచుకుని అట్లాగే నిలబడ్డాడు. తర్వాత బజారుకెళ్లి బత్తాయిలు తెచ్చాడు.

మర్నాడు కొత్త విడతలో మొదటి ఆట. లింబాద్రి మామూలుగానే అందరికంటే ముందు వెళ్లాడు. జెండాలు పాతాడు. నన్ను మడతపెట్టి, పైన బత్తాయి డబ్బా పెట్టి విక్టర్‌కిచ్చాడు. విక్టర్ రెండూ తీసుకుని, ఆయన మొహం చూడకుండా థ్యాంక్స్ అన్నాడు. లింబాద్రి బెంచీ చివర కూర్చోబోయాడు. ఖాజా సార్ వచ్చి పక్కన నిలబడ్డారు. సార్ చెప్పకముందే లింబాద్రి లేచాడు.

"తెలుసు సార్. పన్నెండు మందే ఉండాలె. నేను బయట్నుంచి చూస్త."

వలకు అవతల, పట్టాల వైపు గోడ దగ్గర నిలబడ్డాడు. మధ్యలో రైలొకటి పోతే అటు తిరిగి చూసి మళ్లీ ఇటు తిరిగాడు. విరామంలో మావాళ్లు తొనలు పంచుకున్నారు. బాగా తియ్యగా ఉన్నాయన్నారు. ఒక్కరైనా వల దాకా వెళ్లి ఆయనకు రెండు తొనలు ఇవ్వలేదు. ఇవ్వకూడదని కాదు, వాళ్లకు తోచలేదు.

రెండో సగంలో జోయెల్ అలిసిపోయి తనంతట తానే బయటికొచ్చాడు. ఈసారి గీత దగ్గరికే వచ్చి, చెయ్యి చాపి నన్ను అందుకుని తొడుక్కున్నాడు. బెంచీ మీద కూర్చున్నాక రొమ్ము దగ్గర నన్ను పట్టుకుని చూశాడు. సబ్బు వాసన వచ్చింది కాబోలు. దెబ్బ తగిలి బయటికొచ్చి, పక్కనే మోకాలికి కట్టు కట్టుకుంటున్న విక్టర్‌తో అన్నాడు.

"ఆ రోజు తప్పు నాదే విక్టరన్నా. అన్న చెయ్యి చాపుకొని నిలబడ్డడు. నేను చూసిన. చూసే అటు పోయిన."

"నాకు ఎరికే," అన్నాడు విక్టర్. కట్టు బిగించుకుంటూనే ఉన్నాడు. "దిగమన్నది నేనే కదా."

ఇద్దరూ ఒకేసారి వల అవతలకు చూశారు. నేనూ చూశాను. గోడ దగ్గర ఎవరూ లేరు. జోయెల్ లేచి గేటు దాకా నడిచి, రోడ్డు అటూ ఇటూ చూసి వెనక్కి వచ్చాడు. ఫోను చేద్దామా అన్నాడు. ఆట అయ్యాక చేద్దాంలే అన్నాడు విక్టర్. ఆట అయ్యాక గెలిచిన సంబరంలో ఇద్దరూ మరిచిపోయారు.

ఆ ఆదివారం నన్ను ముగ్గురు వేసుకున్నారు, పై ఆదివారం ఇంకో ఇద్దరు. సబ్బు వాసన అంతటితో పోయింది. తర్వాత నన్నెవరూ ఉతకలేదు.