నిండు పిచ్చి అంగీ

చల్లారిన టీ డికాక్షన్‌లో గుడ్డ ముంచి సూదక్క రాజుగారి చంకల కింద చెమట మరకలు అద్దుతోంది. అంగీలో రాజుగారు లేరు. పక్కన అద్దాల గదిలో కూర్చుని జుట్టు చెరిపించుకుంటున్నారు. ఆ జుట్టు పద్ధతిగా చెదరడానికి గంటన్నర పడుతుంది.

చంకలయ్యాక మోచేతులు. వాటికి తురుముపీట. కొత్త పట్టును నాలుగుసార్లు తురుముపీట మీద రుద్దితే పదేళ్ల కష్టాలు పడినట్టు తయారవుతుంది. సూదక్క ముఖం ఆ మాత్రం తయారవడానికి యాభై నాలుగేళ్లు పట్టింది.

టీవీ వాళ్ల దుస్తుల గదిలో ఆ అంగీలు నాలుగు. ఒకే తానులోంచి ఆమె తీసి కుట్టినవే. మెడ దగ్గర అట్టముక్కలు వేలాడుతుంటాయి: కాలు పిచ్చి, అర పిచ్చి, ముప్పాతిక పిచ్చి, నిండు పిచ్చి. కథలో రాజుగారికి మతి ఎంత చలిస్తే ఆ కొలత అంగీ బయటికొస్తుంది. కాలు పిచ్చికి కాలరు ఒరిగితే చాలు. అరకి ఒక చెయ్యి చిరగాలి. నిండు పిచ్చికి రొమ్ము మీద, గుండీల వరస పక్కన, నిలువునా చీలిక, లోపల దాన్ని పట్టుకునే వెల్‌క్రో పట్టీ. రాజుగారు రెండు చేతులా గుంజితే చర్రుమని విచ్చుకుంటుంది. నొక్కితే మళ్లీ అతుక్కుంటుంది. ఎన్ని టేకులైనా పిచ్చి తాజాగానే ఉంటుంది.

సీరియల్ మొదలైన కొత్తలో ఆమె దర్శకుణ్ణి అడిగింది.

“రాజుగారి రోగం ఏంటి సార్?”

“రోగమేంటమ్మా, పిచ్చి!”

ఆ అంశం మీద ఆయన పరిశోధన అంతటితో ముగిసింది.

“మా ఇంట్లో ఒకరున్నారు సార్. చింపుకోరు. ఊరికే కూర్చుంటారు.”

“కూర్చుంటే ఎవరు చూస్తారు సూదక్కా?”

ఆ మాట నిజమే. ఎవరూ చూడరు.

సూదక్క మొగుడు ఇరవై రెండేళ్లు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరు చేశాడు. ఒక ఉదయం, తనను పిలవడానికి ఎవరో వస్తున్నారని, సిద్ధంగా ఉండాలని అన్నాడు. అప్పటినుంచి పదమూడేళ్లుగా సిద్ధంగానే ఉన్నాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కాకు మెడ దాకా గుండీలు పెట్టుకుని, తలుపుకెదురుగా కుర్చీలో కూర్చుంటాడు. గుండీలను పైనుంచి కిందికి తడుముతాడు, కిందినుంచి పైకి తడుముతాడు. మందులు వేస్తే తడమడం కాస్త నెమ్మదిస్తుంది. వికటంగా నవ్వడు, కళ్లు తిప్పడు. ఈ పదమూడేళ్లలో ఆయన చింపినవి క్యాలెండరు కాగితాలు మాత్రమే. అవీ గీత వెంబడి.

పగలు ఆయనకు తోడు ఆయన చెల్లెలే. సాయంత్రం ఆరున్నరకు సీరియల్ మొదలయ్యేసరికి ఆమె పైటచెంగు సిద్ధం చేసుకుంటుంది.

“పాపం మహరాజు! ఆయన బాధ ఒక్కడికైనా అర్థమవుతోందా చెప్పు వదినా?” అని ముక్కు చీదుతుంది. ప్రకటనలు రాగానే ఇటు తిరిగి, “అన్నయ్యా, ఆ గుండీల గోల ఆపు. చూడలేక చస్తున్నా” అంటుంది.

నిన్న సాయంత్రం తెరమీద రాజుగారు ముప్పాతిక పిచ్చిలో ఉండి అద్దాలు పగలగొట్టారు. అది చూసి సూదక్క మొగుడు ఆమె వైపు తిరిగాడు.

“నేనెప్పుడు చింపుకోవాలే?”

“మీకెందుకండీ?”

“అందరూ చూస్తున్నారు కదా. నాదింకా మొదలే కాలేదు.”

పొద్దున ఆమె టీ పట్టుకెళ్లేసరికి ఆయన అరచేతిలో చొక్కా రెండో గుండీ ఉంది.

“గుంజాను. చొక్కా చిరగలేదు, గుండీ వచ్చింది” అన్నాడు, తప్పు చేసినట్టు. మెడ మీద ఎర్రగా గోటిగీతలు.

సూదక్క గుండీ తీసుకుంది. సూదిలో ఉన్నది రాజుగారి అంగీకి వాడే బంగారు రంగు దారం. మార్చే ఓపిక లేక దాంతోనే కుట్టేసింది.

“రాజుగారి దారమా?”

“ఆఁ.”

“ఈసారి ఏం చేస్తాడు?”

“ఇవాళ పోతారండీ. ఆఖరు ఘట్టం.”

“చింపుకునేనా?”

ఆమె దారం పళ్లతో కొరికింది. రాజుగారు ఎలా పోతే తనూ అలాగే పోవాలని ఈ మనిషి లెక్క వేసుకుంటున్నాడని మాత్రం ఆమెకు తెలిసిపోయింది.

ఇప్పుడు దుస్తుల గదిలో, డికాక్షన్ ఆరేలోపు, సూదక్క నిండు పిచ్చి అంగీని తిరగేసింది. సూదిలోకి ఎనిమిది పోగులెక్కించింది. వెల్‌క్రో పట్టీ పొడవునా, పైనుంచి కిందికోసారి, కిందినుంచి పైకోసారి, గోనెసంచి మూతి కుట్టినట్టు కుట్టేసింది. ఇస్త్రీ చేసి, అట్టముక్క సరిచేసి, రాజుగారికి తానే తొడిగింది.

“బిగువుగా ఉందేంటి సూదక్కా?” అన్నారు రాజుగారు.

“నిన్న బాగా తిన్నట్టున్నారు ప్రభూ” అంది.

చెక్కపలకల సభామండపంలో దీపాలు వెలిగాయి. రాజుగారు సింహాసనం మీద కూర్చుని వికటంగా నవ్వారు, కళ్లు గుండ్రంగా తిప్పారు, రొమ్ము మీద చేతులు వేసి గుంజారు. అంగీ కదల్లేదు. మళ్లీ గుంజారు. నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. చేతులకేం పని చెప్పాలో తోచక ఆయన వేళ్లు గుండీల మీదికి జారాయి. ఊడిన పై గుండీని పెట్టాయి. తర్వాతి దాన్ని తడిమాయి. తర్వాతిది. ఎవరైనా వచ్చి చెబుతారేమోనని ఆయన తలుపుకేసి చూశారు.

మండపంలో అందరూ ఆయన్నే చూస్తున్నారు. మేకప్ బాబాయి దువ్వెన పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. సూదక్క చేతిలోని కత్తెరను గట్టిగా పట్టుకుంది. అదే కుర్చీ, అదే తలుపు, అవే వేళ్లు.

“కట్! ఏంటిది? చిరగలేదేం?” దర్శకుడు లేచాడు.

“ఇది కూడా బాగానే వచ్చిందేమో సార్...” అన్నారు రాజుగారు. ఏడు నెలల్లో ఆయన నోట వచ్చిన ఒకే ఒక్క సొంత మాట అది.

“ఏం బాగు? చప్పగా ఉంది. పిచ్చి కనబడట్లేదు!”

“కనబడదు సార్. దాంతో వచ్చిన తంటా అదే కదా” అంది సూదక్క.

దర్శకుడు అంగీ అంచు తిరగేసి కుట్టు చూశాడు. ఆమె కేసి చూశాడు.

“ఎవరు కుట్టారు?”

“నేనే సార్. నాలుగు కుట్లు ఎక్కువ పడినట్టున్నాయి.”

“రేపట్నుంచి ఆ కుట్లేవో ఇంట్లో వేసుకో తల్లీ.”

ఆమె కత్తెరతోనే ఆమె కుట్లు విప్పించారు. రాజుగారు పదకొండు టేకుల పాటు చర్రు చర్రుమని చింపుకున్నారు. పదకొండోసారి నాలుక కొంచెం బయటపెట్టి ప్రాణం విడిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. సూదక్క తురుముపీట కడిగి, తుడిచి, సంచిలో వేసుకుంది. అది ఇంటిదే.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి ఆయన కుర్చీలో సిద్ధంగా ఉన్నాడు.

“పోయాడా?”

“పోయారండీ.”

“వదినా, ఆఖర్లో ఏమవుతుందో చెప్పావంటే ఊరుకోను!” వంటింట్లోంచి ఆడపడుచు అరిచింది.

ఆయన గొంతు తగ్గించాడు. “చింపుకున్నాడా?”

“లేదండీ. గుంజారు, రాలేదు. గుండీలన్నీ పెట్టుకుని తలుపుకేసి చూశారు. అందరూ ఆయన్నే చూశారు.”

అబద్ధం కాదు. మొదటి టేకు అదే.

ఆయన పైనుంచి కిందికి తడుముకున్నాడు. రెండో గుండీ దగ్గర వేలు ఆగింది.

“మంచి దారం” అన్నాడు.

ఆ ఘట్టం టీవీలో రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆయన అన్నాళ్లు ఆగలేదు. ఏడో రోజు మధ్యాహ్నం, మజ్జిగ తెచ్చిన చెల్లెలు రెండుసార్లు పిలిచి, మూడోసారి గ్లాసు కింద పెట్టేసింది. ఆయన కుర్చీలోనే, తలుపుకెదురుగా, చొక్కా నలగకుండా పోయాడు.

చెల్లెలు ఏడ్చింది. రాజుగారి కోసం రోజూ ఎంత ఏడుస్తుందో అంతే ఏడ్చింది. ఆ విషయంలో ఆమె అన్యాయం చేసే మనిషి కాదు. రెండు రోజుల తర్వాత ఆరున్నరకు రాజుగారు చర్రుమని చింపుకున్నప్పుడు ఇంకాస్త ఏడ్చింది.

“ఎంత బాగా చేశాడో చూడు వదినా! అచ్చం పిచ్చివాడే!”

సూదక్క తెరకేసి చూడలేదు. కుర్చీ వీపుకి ఆయన చొక్కా వేలాడుతోంది, ఉతికి, ఇస్త్రీ చేసి, మెడ దాకా గుండీలు పెట్టి ఉంది. రాజుగారు గుంజుకున్నప్పుడల్లా తెర వెలుగు పడి, రెండో గుండీ దారం ఒక్కటే తళుక్కుమంటోంది.