తుండు కింది బేరం

నాకు మనవరాలు పుట్టింది. కోయంబత్తూరు నుంచి వచ్చిన బస్సు కండక్టరు ఆ కబురు చెప్పగానే నా కాళ్ళు నేలమీద ఆగలేదు. నా కూతురు రుక్మణి అక్కడ సింగానల్లూరు మిల్లు కూలీల లైను ఇంట్లో పురిటి మంచం మీద ఉంటే, నేనేమో కినత్తుకడవు సంతలో పత్తి మూటల మీద కూర్చుని ఉన్నాను. అవి అమ్ముడైతే తప్ప బస్సెక్కడానికి లేదు. ఏడాది పంటను దారిలో వదిలేసి పోతామా?

దళారి తంగవేలు నాకు వరసకు తమ్ముడే. నా చేతిమీద తుండు కప్పి, లోపల మూడు వేళ్ళు పట్టి నొక్కాడు. మణుగుకు మూడు రూపాయలన్నమాట. దానికి నేను మొహం మాడ్చుకోవాలి, అతని తాతల దాకా తిట్టాలి, అతను ఇంకో వేలు పట్టాలి. సంత మర్యాద అది. ఆ సంబరంలో నాకు మతెక్కడుంది? "సరి, తూకం వెయ్యి" అనేశాను.

తంగవేలు టక్కున చెయ్యి లాగేసుకున్నాడు.

"ఏమక్కా, ఇంత తొందరగా ఒప్పుకుంటివి? లోపల తడి సరుకు ఉండాదా?"

"నాకు మనవరాలు పుట్టిందిరా. బస్సుకు పోవాల."

"తడి పత్తి తెచ్చినోళ్ళందరికీ ఇంట్లో ఏదో ఒక అవసరం ఉంటాదక్కా. మిల్లు సమ్మె ఎప్పుడు తీరతాదో తెలీదు. రెండుకైతే తీసుకుంటా."

నాకు ఒళ్ళు మండిపోయింది. పక్క బండిలో పత్తి తెచ్చిన మూకాయి కూడా నా మూటలకేసి అనుమానంగా చూస్తోంది. ఇంతలో కోయంబత్తూరు పోయే బస్సు హారన్ మోగింది. కొడవలి తీసి మూటల కుట్లన్నీ కోసిపారేశాను.

"అడుగుదాకా చెయ్యి పెట్టి చూసుకో. నీకొద్దంటే ఇంకొకరు కొంటారు. మూకాయీ, నువ్వు కొంచెం చూసుకో. నేను నా మనవరాల్ని చూసేదానికి పోతా ఉండా."

చెంగు దోపుకుని పరుగెత్తి బస్సెక్కాను.

బస్సు కదిలేసరికి విప్పిన మూటల చుట్టూ దళారులు మూగారు. పొడి పత్తి, మల్లెపువ్వంత తెలుపు. తంగవేలు వాళ్ళను తోసుకుని బస్సు వెనక పడ్డాడు. తుండు మాటే మరిచి, సంతంతా వినేలా "అక్కా, నాలుగు" అని కేకేశాడు.

దాచాల్సిన ధర వీధిన పడింది. తనకూ నాలుగే కావాలని మూకాయి అప్పుడే ఇంకో దళారి చొక్కా పట్టుకుంది. నాకు నవ్వు ఆగలేదు. తల బయటపెట్టి అడ్డంగా ఊపాను.

"నాలుగున్నర," అన్నాడు రొప్పుతూ.

కండక్టరు గంట తాడు మీద చెయ్యి వేశాడు. "నిలపమంటారా అమ్మా?"

"వద్దు నాయనా, పోనీ. బిడ్డ నాకోసం చూస్తా ఉంటాది."

"ఐదు" అన్న కేక దుమ్ములోంచి వినబడింది. నేను లేచి తలుపు పక్క సీటుకు మారాను. అక్కడైతే సింగానల్లూరులో అందరికన్నా ముందు దిగొచ్చు.