మెడ దాకా నిండని కుండ

కృప నోరు తెరిచి ఎవరికీ చెప్పుకోని మాట ఒకటుంది. భర్త నీళ్లలోకి దిగిన ప్రతిసారీ, ఇక తిరిగి రాడనే అనుకుంటుంది. ముందే అనుకుని పెట్టుకుంటే దెబ్బ జర తక్కువ తగులుతుందేమోనని. పైకి మాత్రం అందరిలాగే సద్ది కడుతుంది, పోయిరా అంటుంది.

కృష్ణ వెనకనీళ్ల ఒడ్డున ఎత్తిపోతల పనులు నడుస్తున్న రోజులవి. కోడేరు దిక్కు నుంచి పనికొచ్చిన కుటుంబాలు ఒడ్డు మీద రేకుల షెడ్లలో ఉండేవి. కృప భర్త నవీన్, అతని జోడీ బాలన్న గాలి సిలిండర్ వీపుకు కట్టుకుని అడుగుకు దిగి, సొరంగం మూతికున్న ఇనుప జాలీలు సరిచేసేవాళ్లు. ఒకరు దిగితే రెండోవాడు పడవలో తాడు పట్టుకుని కూర్చోవాలి.

షెడ్డు మూలన అత్త మణెమ్మ తెచ్చుకున్న మట్టికుండ ఉండేది. నవీన్ దిగితే కుండలో నీళ్లు దిగేవి. అతను పైకొచ్చాక, లోతులో ఒంటికి పట్టిన గాలి వదిలేకొద్దీ, నీళ్లు వాటంతటవే ఊరి మళ్లీ మెడ దాకా వచ్చేవి. మామ నర్సింహులు బావుల్లో పడ్డ మోటార్లు తీసే కాలం నుంచీ అంతే. ఆ గాలి పూర్తిగా వదలకముందే మళ్లీ దిగినా, ఒక్కసారే పైకొచ్చినా ఒళ్లు పడిపోతుంది. ఒక్కసారి తప్ప, కుండ నిండందే ఆయన రెండోసారి దిగలేదు. పక్క షెడ్డు అలివేలమ్మ నీళ్లకని చెంబు పట్టుకొచ్చి కుండలోకి తొంగిచూసి, “ఇంక కిందనే ఉన్నడా నీ మొగడు? పైకొచ్చినంక వస్త తియ్యి,” అని పోయేది.

ఈమధ్య కంపెనీ ఒక కంప్యూటర్ ఇచ్చింది, ఇద్దరికీ కలిపి ఒకటే. చేతి గడియారమంత ఉంటుంది. పెట్టుకున్నోడు ఎంత లోతుకు పోయాడో, ముందు దిగిన లెక్క కలుపుకుని ఇంకెంతసేపు ఉండొచ్చో అదే చెబుతుంది. మొన్న పనిలో పడి నవీన్ సోయి మరిస్తే, అది కుయ్యిమని మొత్తుకుని పైకి తెచ్చింది. ఆ రోజు కృప మనసులో దానికి దండం పెట్టుకుంది.

ఇవాళ మధ్యాహ్నం నవీన్ ఎడమ భుజం పిసుక్కుంటూ తిండికొచ్చాడు.

“ఏమైంది?”

“ఏంలేదు, జర గుంజుతున్నది. పొద్దుగాల జాలీ కాడ మస్తు సేపైంది. మళ్ల దిగాలె.”

మణెమ్మ కుండ దిక్కు చూసింది. “సగమే ఉంది బిడ్డా. నిండనియ్యరాదు.”

“అమ్మా, కుండ ఇంట్ల ఉంటది, నేను నీళ్లల్ల ఉంట. అడుగుకు పోయినంక నువ్వొచ్చి చెప్తవా? గిది సూడు, బేఫికర్‌గ దిగు అంటున్నది.” మణికట్టు చాచి చూపించాడు.

మణెమ్మ అన్నం గిన్నె అతని ముందుకు జరిపింది. అతనన్నదీ నిజమే.

“పొద్దుగాల గూడ గిదే పెట్టుకున్నవా?” అంది కృప.

“యాడిది? బాలన్నకు దానిమీద మురిపెం. పెండ్లికొడుకు లెక్క చేతికి పెట్టుకొని పడవల కూసుండె. నేను ఉత్త తాడు మీదనే దిగిన.” నవ్వుకుంటూ లేచి పోయాడు.

గిన్నె కడుగుతుంటే కృప చెయ్యి ఆగిపోయింది. పొద్దున కంప్యూటర్ పడవలో ఎండకు కూర్చుంది. అది అబద్ధమాడలేదు. దాని లెక్కలో నవీన్ ఇవాళ నీళ్లే ముట్టలేదు.

పరుగున ఒడ్డు దాకా పోయింది. పడవ అప్పటికే నడుమకు చేరి, చీమంత కనిపిస్తోంది. పిలిచినా వినబడదు. బాలన్న దగ్గర సెల్లుంది. కానీ ఎండాకాలంలో ఒకసారి ఇట్లాగే భయపడి పడవకు కబురు పంపితే, “పెండ్లాం పిలుస్తున్నదిరా, పో పో,” అని అందరూ నవ్వారు. భయమున్నోళ్లు ఇంటికాడ ఉండాలన్నాడు ఇంజనీరు. నవీన్ చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఈసారి పనే పోతే?

వెనక్కొచ్చి కుండ ముందు కూర్చుంది. సగానికున్న నీళ్లు కదిలాయి. చప్పుడు లేకుండా దిగడం మొదలుపెట్టాయి. ఆమె ఎన్నడూ చూడనంత కింద కుండ తడిగోడ బయటపడింది.

“అత్తా, మామ ఉన్నప్పుడు ఎన్నడన్న గింత దిగిందా?”

మణెమ్మ కుండలోకి చూస్తూ అంది: “ఒక్కపారి. ఆ దినం నేను ఎవ్వరికి చెప్పలే. మీ మామను మంచం మీద మోసుకొచ్చిండ్రు. మళ్ల నడువలే.”

కృప లేచి పక్క షెడ్డు తడిక తోసింది. “అలివేలక్కా, నీ సెల్లు ఇయ్యి.”

“ఎవరికే?”

“బాలన్నకు. తాడు ఆయన చేతులల్లనే ఉంది.”

“మళ్ల నవ్వుతరే పిల్లా.”

“నవ్వనీ.”

వెనక నుంచి మణెమ్మ గొంతు వినిపించింది: “ఒక్కసారే పైకి గుంజొద్దని చెప్పు బిడ్డా. ఆగుకుంట, ఆగుకుంట.”