రోడ్డు దాటడానికి బస్సు

ఆ పెద్ద రోడ్డు మీద ఏడు సిగ్నళ్ళు ఉన్నాయి. ఏడూ ట్రాఫిక్ ఇంజినీరుగా ఆయన వేసిన లెక్క ప్రకారమే వెలుగుతాయి. మొదటి సిగ్నల్లో పచ్చ దీపం పడగానే కదిలిన బండి, వేగం ఒకే తీరుగా ఉంచుకుంటే, ఏడోది దాటేదాకా బ్రేకు తొక్కే పని లేదు. ఆఫీసులో దాన్ని గ్రీన్ వేవ్ అంటారు. మూడు నెలలపాటు మెళ్ళో స్టాప్‌వాచీ వేసుకుని ఎండనక వాననక తిరిగి ఆయన దాన్ని కుదిర్చాడు. బండ్లు ఆగి ఆగి కదలడం తగ్గితే పొగ తగ్గుతుంది, పొగ తగ్గితే ఆ వీధి పిల్లల దగ్గు తగ్గుతుందని ఆయన ఆశ. పొగ కొలిచే పెట్టె కూడా అవుననే చెప్పింది. అప్పటినుంచి ట్రాఫిక్ విభాగంలో అందరూ ఆయన్ని సిగ్నల్ సార్ అనడం మొదలుపెట్టారు.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆయనా, వాళ్ళ అత్తయ్యా. భార్య పోయి నాలుగేళ్ళు. జబ్బుపడ్డ కూతురికి సాయంగా పది రోజులు ఉందామని చిన్న సంచీతో వచ్చిన మనిషి, కూతురు కన్నుమూశాక అదే సంచీ సర్దుకుంటుంటే ఆయన గుమ్మంలో నిలబడి, "మీరు కూడా వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడేదెవరు అత్తయ్యా?" అన్నాడు. ఆవిడ సంచీ విప్పేసింది. కూతురే లేకపోయాక అల్లుడింట్లో ఏం పని అని చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. ఆవిడ చెవిన పెట్టలేదు. అంతకుముందు "అల్లుడుగారూ, మీరు" అనే మనిషి ఆ రోజునుంచి "నాయనా, నువ్వు"లోకి దిగింది. కోపం వస్తే మాత్రం మళ్ళీ అల్లుడుగారే. పొద్దున్నే ఆ పిలుపు వినపడిందంటే ఆయన తడి తువ్వాలు మంచం మీద పడేసినట్టే.

ఓ మంగళవారం ఆయన స్కూటర్ రిపేరుకని షెడ్డులో ఉంది. బస్సుల సమయాల గురించి డిపో మేనేజరుతో మాట్లాడాల్సిన పని పడి, ఆఫీసు ముందు పద్నాలుగో నంబరు బస్సెక్కాడు. వెనకాల కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళ ఇంటి దగ్గర స్టాపులో బస్సు ఆగగానే ముందు తలుపులోంచి అత్తయ్య ఎక్కింది. చేతిలో గుడ్డ సంచీ, కళ్ళకు మంచి కళ్ళజోడు. ఎవరో లేచి సీటిచ్చారు. పిలుద్దామని నోరు తెరిచేలోపే ఆవిడ గొంతు బస్సంతా వినపడింది.

"ఈ సిగ్నళ్ళన్నీ మా అల్లుడివే!" అని పక్కసీటావిడకు చెబుతోంది. "చూడండి, ఒక్కచోటైనా ఆగుతున్నామా? అంతా లెక్క. బుర్ర పాదరసం అనుకోండి."

ఆయనకు సిగ్గు ముంచుకొచ్చి ఓ లావుపాటి మనిషి వీపు చాటుకు జరిగాడు. టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టరమ్మను మెల్లగా అడిగాడు. "ముందు కూర్చున్న ఆ పెద్దావిడ ఎక్కడికి వెళ్తున్నారండీ?"

"ఆ అమ్మగారా? ఎక్కడికీ కాదు, రోడ్డు దాటుతున్నారు."

"అంటే?"

"ఎక్కిన స్టాపుకు ఎదురుగా బొత్తాల కొట్టుంది చూశారా, అక్కడ స్నేహితురాలి దగ్గరికి. ఇటు ఎక్కి డిపో దాకా వస్తారు. బస్సు తిరిగాక అటువైపు దిగుతారు. ఇంటికి పోయేటప్పుడు మళ్ళీ అటు మార్కెట్ దాకా పోయి తిరిగొస్తారు. రోజూ ఇంతే, ఏడాదిగా." కండక్టరమ్మ నవ్వింది. "నడిచి దాటితే అరనిమిషం. బస్సులో అయితే ముప్పావుగంట."

ఆయన నవ్వలేకపోయాడు. డిపోలో మేనేజరు చెప్పింది ఒక్క ముక్కా తలకెక్కలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ బాల్కనీలో కూర్చుని ఆయన చొక్కాకు గుండీ కుడుతోంది. ఆయన పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అత్తయ్యా, రోడ్డు దాటడానికి బస్సెక్కుతున్నారట."

సూది ఆగింది. "ఎవరు చెప్పారు మీకు, అల్లుడుగారూ?"

"కోపం తర్వాత పడుదురుగాని. ముందు సంగతేమిటో చెప్పండి."

ఆవిడ దారం తెంపి, చొక్కా మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది. అప్పుడు చెప్పింది. ఏడాది కిందట ఒకరోజు నడిచేవాళ్ళ దీపంలో పచ్చ బొమ్మ పడగానే దాటడం మొదలుపెట్టిందట. సగం రోడ్డుకు రాగానే బొమ్మ ఎర్రబడింది. అటునుంచి బండ్లు, ఇటునుంచి బండ్లు. మధ్యలో తెల్లగీత మీద సంచీ గుండెలకు అదుముకుని నిలబడిపోయింది. కాళ్ళు కదల్లేదు. అప్పుడు పద్నాలుగో నంబరు డ్రైవరు బస్సును అడ్డంగా ఆపి, కిందికి దిగి, చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకెళ్ళాడు. "అమ్మా, రేపటినుంచి నా బస్సెక్కండి, నేనే దాటిస్తాను" అన్నాడు. అదీ సంగతి.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను నాయనా? అమ్మాయి పోయాక నువ్వు మనసుపెట్టి చేసిన పని అదొక్కటే. అన్నం తినడం కూడా మర్చిపోయే మనిషివి, ఆ సిగ్నళ్ళ గురించి చెప్పేటప్పుడు మాత్రం నీ ముఖం వెలిగేది. దానికి నేను వంక పెట్టనా? నా మోకాళ్ళు అరిగితే నీ సిగ్నల్ తప్పా?"

తప్పు ఎక్కడుందో ఆయనకు తెలుసు. బండ్ల వరస తెగకూడదని మనుషులు దాటే సమయాన్ని పద్దెనిమిది సెకన్లకు కుదించింది ఆయనే. పుస్తకంలో నడక వేగం సెకనుకు మీటరుంబావు దాకా ఉంటుంది. ఆ వేగంతో ఇరవై మీటర్ల రోడ్డుకు పద్దెనిమిది సెకన్లు సరిపోతాయి. ఆ పుస్తకంలో నడిచే మనిషికి మోకాళ్ళ నొప్పులు లేవు.

ఆవిడ నెమ్మదిగా అంది. "ఆస్పత్రి దగ్గర నువ్వు అమ్మాయిని రోడ్డు దాటించేవాడివి, గుర్తుందా? ఓ చెయ్యి దాని భుజం చుట్టూ, ఓ చెయ్యి పైకెత్తి. బండ్లన్నీ ఆగిపోయేవి. అది మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది, నువ్వూ ఆగేవాడివి. ఎవరైనా హారన్ కొడితే కొట్టి చంపేలా చూసేవాడివి."

ఆయన తల వంచుకున్నాడు. ఆవిడ చొక్కా ఆయన ఒళ్ళో పెట్టి, తల మీద ఒకసారి చెయ్యి వేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఇద్దరూ ఇంటి దగ్గరి ఆ సిగ్నల్‌కు వెళ్ళారు. ఆయన ఆవిడ పక్కనే, చెయ్యి పట్టుకోకుండా, ఆమె నడిచినట్టే నడిచాడు. అవతలి గట్టు ఎక్కేసరికి ముప్పైనాలుగు సెకన్లు. సగందాకా బండ్లవాళ్ళు ఓపిక పట్టారు, తర్వాత ఒక్కొక్కరూ హారన్ అందుకున్నారు. తన సిగ్నల్ ఎంత ఇరుకో పాదాలతో తెలుసుకోవడం ఆయనకదే మొదటిసారి.

ఆ వారమంతా బొత్తాల కొట్టు అరుగు మీద కూర్చుని మనుషుల్ని లెక్కపెట్టాడు. ఇంతకుముందు బండ్లనే లెక్కపెట్టిన కాగితం మీద కొత్త గడులు గీశాడు. కొట్టు నడిపే పెద్దావిడ, అత్తయ్య స్నేహితురాలు, చేతికర్ర గడపకు ఆనించి ఆయనకు కాఫీ పోసిచ్చేది. "మా కొట్టుకు ఇంత గంభీరమైన కాపలా ఎప్పుడూ లేదు బాబూ" అని ఏడిపించేది.

కాగితం తీసుకుని చీఫ్ ఇంజినీరు దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ముక్కుసూటి మనిషి. సంగతంతా విని పెన్ను బల్లమీద పెట్టింది.

"ముప్పైనాలుగు సెకన్లా? మీ గ్రీన్ వేవ్ ఏమవుతుంది? ఒక్క పెద్దావిడ కోసం రోడ్డంతా ఆపమంటారా?"

"ఒక్కరు కాదు మేడమ్, చూడండి. రోజుకు రెండువందల పన్నెండు మంది అంచుదాకా వచ్చి వెనక్కి తిరిగారు. పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తినవాళ్ళు ముప్పైయొక్కరు. వాళ్ళలో చాలామంది రేపు ఓ బండి కొనుక్కుంటారు. అప్పుడు మన రోడ్డు మీద బండ్లు ఇంకా పెరుగుతాయి. నడవగలిగితే నడుస్తారు."

ఆవిడ గడులన్నీ వేలుపెట్టి మరీ చదివింది. "ఎన్ని కార్లు ఆగాయో రోజుకు పదిమంది ఫోన్ చేసి చెబుతారు. ఎంతమంది వెనక్కి తిరిగారో ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు" అంది చివరికి. "పదిహేను రోజులు ఇస్తున్నాను. కార్లు వెనకటి సిగ్నల్ దాకా తోకలా బారు కడితే మాత్రం పదహారో రోజున మీరు నా దగ్గరికి రావద్దు."

రోడ్డు మధ్యలో రెండు మీటర్ల వెడల్పున గట్టు కట్టించాడు, పట్టుకోవడానికి కడ్డీ పెట్టించాడు. దాటే సమయం ముప్పైనాలుగు చేశాడు. మొదటిరోజు కార్లు నిజంగానే తోక కట్టాయి. ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది. ఒకాయన అయితే "మీకు బుద్ధుందా?" అని మొదలుపెట్టి పూర్వీకుల దాకా వెళ్ళాడు. రెండోరోజూ అంతే. మూడోరోజు భోజనం వేళకు ఆయనకు తట్టింది. బండ్లు గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో వస్తాయనుకుని ఏడు సిగ్నళ్ళనూ కలిపాడు. నలభైకి తగ్గించి కలిపితే? లెక్క మళ్ళీ మొదటినుంచి వేశాడు. ఐదోరోజుకు తోక సగమైంది. పదోరోజుకు పోయింది. కార్లకు ఒకటిన్నర నిమిషం ఎక్కువ పట్టింది, అంతే. స్టాపుల్లో ఆగుతూ వచ్చే బస్సుకు మాత్రం ఈ నెమ్మది వరస కుదిరి, మునుపటికంటే త్వరగా చేరింది. సైకిళ్ళవాళ్ళు కూడా ఆ వరసలో కలిసిపోయారు. పొగపెట్టె అంకె పెరగలేదు.

పదహారో రోజున చీఫ్ ఇంజినీరే ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. "ఉంచెయ్యండి. మిగతా ఆరింటికి కూడా ఎంతెంత సమయం కావాలో చూడండి. పుస్తకం చూసి కాదు."

ఆ సాయంత్రం ఆయన అత్తయ్యతో కలిసి రోడ్డు దాటాడు. మధ్య గట్టు మీద ఆవిడ ఆగి, కడ్డీ పట్టుకుని, అటూ ఇటూ ఆగి ఉన్న బండ్లను తీరిగ్గా చూసింది. ఎవరూ హారన్ కొట్టలేదు.

"బాగుంది నాయనా" అంది. "అమ్మాయి చూస్తే బావుండేది."

"అవునత్తయ్యా" అన్నాడు ఆయన. నాలుగేళ్ళలో భార్య మాట వచ్చినప్పుడు తల వంచుకోకుండా, మాట మార్చకుండా బదులివ్వడం ఆయనకదే మొదలు. మిగిలిన సగం రోడ్డు దాటుతూ, భార్యకు రోడ్డు మధ్యలో ఆగి కబుర్లు చెప్పే అలవాటు పెళ్ళికి ముందునుంచీ ఉండేదని ఆయన చెబితే, అది తన పోలికేనని అత్తయ్య ఒప్పుకుంది.

మిగతా సిగ్నళ్ళకు నడక వేగం కొలవాలంటే నడిచేవాళ్ళు కావాలి. ఆవిడే పూనుకుంది. ఆదివారం పొద్దున రెండో సిగ్నల్ దగ్గరికి బొత్తాల కొట్టు పెద్దావిడను చేతికర్రతో సహా తీసుకొచ్చింది, నడుం పట్టేసిన ఓ రిటైర్డ్ టీచరమ్మను కూడా. ఆయన అవతలి గట్టు మీద స్టాప్‌వాచీతో నిలబడ్డాడు. పచ్చ బొమ్మ పడింది. టీచరమ్మ ఏం పంతం పట్టిందో, కొంగు నడుముకు దోపి, మిగతా ఇద్దర్నీ వెనకేసి గబగబా అడుగులేయడం మొదలుపెట్టింది.

"ఇదేమన్నా పరుగుపందెమా!" అని అత్తయ్య నడిరోడ్డు మీద కేకేసింది. "నీకు బహుమతేం ఇవ్వరు, మామూలుగా నడువు! నీవల్ల మా అందరి సెకన్లూ పోతాయి!"

ఆగి ఉన్న బస్సులోంచి ఎవరో పకపకా నవ్వారు. ఆయనకు నవ్వు ఆగక వాచీ నొక్కడమే మర్చిపోయాడు. ముగ్గురూ మళ్ళీ మొదటినుంచి నడవాల్సి వచ్చింది.