నల్లగోడ, తెల్లకోటు

ముందు మీరేం చూశారో చెప్పండి. ఆ శనివారం మెంఫిస్‌లో వెర్డెల్ పార్లర్‌లో మీరూ ఉన్నారుగా? నోరు పెగలడం లేదా? సరే, నేనే చెబుతాను.

మర్నాడు చర్చి కనక శనివారం పార్లర్ కిటకిటలాడేది. ఉంగరాల జుట్టు సాపుచేసే ఇనుప దువ్వెన పొయ్యిమీద కాగుతుండేది, వేపుడు చేపల పొట్లాలు చేతులు మారుతుండేవి. వెనక తెల్లగోడ. కొత్త రికార్డు పెడితే పాటలోని బొమ్మ ఆ గోడమీద ఆడేది. ప్రాణం లేని పాటకి గోడ బోసిగా ఉండిపోయేది. అందుకే మా పేటలో ఎవరు పాడినా మొదటి ప్రతి పట్టుకుని అక్కడికే వచ్చేవారు. గోడ ఒప్పుకోని పాటని పక్కన పడేసేవారు. మా అమ్మల కాలంనుంచీ అదే పద్ధతి.

ఆ రోజు రావలసింది ఎర్లీన్. చర్చి పాటల్లోంచి పుట్టిన సోల్ పాటల ఎర్లీన్. చిన్నప్పుడు చర్చిలో వెర్డెల్ పక్కన నిలబడి పాడిన మనిషే. తర్వాత ఎర్లీన్ పేరు పోస్టర్లకెక్కింది, వెర్డెల్ చేతికి దువ్వెన వచ్చింది. నలభై ఏళ్ళుగా వెర్డెల్ కడుపులో ఆ మంట ఆరలేదు. ఇప్పుడు ఎర్లీన్ పాత సినిమాల సంగీతం వరసలో ఆల్బం చేసిందని వినగానే అది నెత్తికెక్కింది. డెబ్బై మూడులో ఒక సినిమాలో హీరో వానలో కారు నడుపుకుంటూ పోయేచోట మాటల్లేని రాగం పాడింది వెర్డెలే మరి! టేపు డబ్బామీద 'ఆడ గొంతు' అని రాసి ఊరుకున్నారు. తెరమీద కారు తుడిచినవాడి పేరు పడింది, ఈమెది పడలేదు. చెబితే నమ్మినవాళ్ళూ లేరు.

"నాకున్నది ఆ ఒక్క రాగం. దాన్నీ ఎత్తుకుపోతుందా?" అనుకుంది. శుక్రవారం సాయంత్రం పార్లర్ మూసి, గోడంతా నల్లరంగు పూసేసింది. నలుపుమీద ఏ బొమ్మ ఆనుతుంది?

ఎర్లీన్ వస్తూనే, "ఏమే, గోడకి ఏమైంది?" అంది.

"చెమ్మ పట్టింది."

డ్రయ్యర్ కింద కూర్చున్న ముసలి లుటీషా నవ్వింది. "చెమ్మ కూడా ముహూర్తం చూసుకునే పట్టిందమ్మా!"

రికార్డు పెట్టారు. ఒక పాట, మూడు, ఆరు. గోడ గోడలాగే ఉంది.

"చేపలు మాత్రం బాగున్నాయి," అంది లుటీషా.

ఎర్లీన్ మొహం వాడిపోయింది. "ఆ చివరి పాట కూడా వినండి. అదీ ఆడకపోతే ఆల్బం ఆపేయమని చెప్పేస్తాను."

వెర్డెల్ కోరుకున్నది అదే. తీరా జరుగుతుంటే నోరు చేదుగా ఉంది.

చివరి పాట మొదలైంది. వాన చప్పుడు. ఎర్లీన్ గొంతు మెల్లగా తగ్గి, పక్కకి తప్పుకుంది. ఆ ఖాళీలోకి పాత టేపులోంచి ఇంకో గొంతు లేచింది. వెర్డెల్ ఇరవయ్యేళ్ళప్పటి గొంతు.

తను ఎప్పుడు లేచిందో వెర్డెల్‌కే తెలియదు. దువ్వెన పట్టుకుని గోడముందుకి వచ్చి నిలబడింది. బొమ్మ ఆమె పనిలో వేసుకునే తెల్లకోటుమీద పడింది. మైకు ముందు సన్నటి పిల్ల, ఒక కాలి చెప్పు విప్పేసి, కళ్ళు మూసుకుని పాడుతోంది.

"కదలకే సిస్టర్! అక్షరాలొస్తున్నాయి!" అని ఎవరో అరిచారు.

వెర్డెల్ అద్దంలోకి చూసుకుంది. అన్నీ తిరగబడి కనిపించాయి. లుటీషాయే కళ్ళు చికిలించి గట్టిగా చదివింది. "గానం... వెర్డెల్ టేట్."

ఎర్లీన్ ఏడ్చేసింది. "మూడేళ్ళు వెతికానే. అది నువ్వేనని నా చెవికి తెలుసు, కాగితమే దొరకలేదు. నీ గోడ చెబితే అట్టమీద పేరు వేస్తామన్నారు కంపెనీవాళ్ళు. అందుకే వచ్చాను. తీరా గోడ చూస్తే ఇలా ఉంది!"

వెర్డెల్ దువ్వెన కింద పెట్టింది. కోటు గుండీలు సరిచేసుకుని, చేతులు బారజాపింది.

"మొదటినుంచి మళ్ళీ పెట్టండి. నేను కదలను."

ఏడు పాటలూ అయ్యేదాకా అలాగే నిలబడింది. ఎర్లీన్ పాటల్లోని బొమ్మలన్నీ ఆమె గుండెమీద ఆడాయి. అందరూ కళ్ళప్పగించి చూశారు. కదలకూడదని అద్దంవైపైనా తిరగలేదు కనక, చూడనిది ఆమె ఒక్కతే.

అయిపోయాక ఎర్లీన్ ఆ చేతులు రెండూ పట్టుకుంది. గోళ్ళ సందుల్లో నల్లరంగు. చూసింది, ఏమీ అడగలేదు.

ఆల్బం వచ్చింది. అట్టమీద రెండు పేర్లున్నాయి. గోడకి రంగు పూసిందెవరో ఎర్లీన్ ఇప్పటికీ అడగలేదు, వెర్డెల్ చెప్పలేదు. మీరైతే చెబుతారా?