షహనాజ్ ఎడమ భుజం

షహనాజ్ ఆ రోజు పద్దెనిమిదో చీర కుచ్చిళ్లు నడుము దగ్గర దోపి, పైటను ఎడమ భుజం మీదికి వేసుకుని, అద్దం వైపు తిరిగింది. మొహంలో ఏమీ లేదు. ప్రొద్దుటూరు బజారులోని ఈ కొట్టులో ఆమె పని ఇదే: సేల్స్‌మన్ నారాయణ పరుపు మీద విప్పిన చీరను తన నల్లకోటు మీద చుట్టుకుని కొనేవాళ్లకు చూపడం. ఇరవై రెండేళ్లలో నేర్చిన కిటుకు ఒక్కటే. కట్టి చూపించే మనిషికి మొహం ఉండకూడదు. ఉంటే కొనేవాళ్లు చీరను వదిలి దాన్ని చూస్తారు.

ఏడాదిగా ఆ భుజం సరిగా లేవడం లేదు. పులివెందులలో మేనకోడలు నిఖత్ జాకెట్లు కుట్టే అంగడి పెట్టి, కూర్చుని చేసే పని ఉంది రమ్మని రెండు నెలలుగా పిలుస్తోంది. వెళ్లాలనే ఉంది. కానీ ఇన్నేళ్లు నిలబడింది దేనికైనా పనికొచ్చిందో లేదో తేలకుండా ఈ మెట్లు దిగబుద్ధి కావడం లేదు. తూకం వేయని సరుకును ఎవరైనా వదిలేసి పోతారా?

కొట్టు ఖాళీ కాగానే నారాయణ మాట కదిపాడు.

"ఏందక్కా, ఆదివారం ఫ్రెంచి సినిమా చూసినావంట? ఆ బాస నీకేం తెలుసు?"

"నిఖత్ ఇంటికొచ్చి ఫోన్లో పెట్టింది. పాత తెలుపు నలుపు బొమ్మ. ఒగామె కోసం ఇద్దురు మొగోళ్లు కొట్లాడుకుంటాంటారు. దానికి బాసెందుకప్పా?"

"హీరోయిన్ బాగుండాదా?"

"ఆమె సరుకు. వాళ్లిద్దురూ బేరగాళ్లు. నేను చూసింది వాళ్లల్లో ఒగని పెండ్లాన్ని."

తను చూసిన చోటు చెప్పింది. భర్త ఆ హీరోయిన్‌తో నవ్వుకుంటూ మెట్లు దిగుతుంటాడు. భార్య గుమ్మంలో నిలబడి, వాళ్లు తడబడకుండా దీపం ఎత్తి పట్టుకుంటుంది. ఏడవదు. చేయి మాత్రం కొంచెం జారి, మళ్లీ లేస్తుంది. షహనాజ్ ఆ చోటును ఐదుసార్లు వెనక్కి తిప్పించుకుంది. ఆ సినిమా మీద రాసినవాళ్లంతా హీరోయిన్ కళ్ల గురించే రాశారని నిఖత్ వెతికి చెప్పింది. ఈమె పేరు ఎక్కడో చివర, చిన్న అక్షరాల్లో ఉందట.

"ఆ హీరోయిన్ మొగం మీద వెలుగు యాడిదప్పా? ఈమె చేతిలోది కాదా?"

"నువ్వు సినిమా చూసినావా, దీపం బేరం చేసినావా?" నారాయణ నవ్వాడు.

మూడు గంటలకు పెద్దముడియం నుంచి శివమ్మ వచ్చి ఒక సంచిని పరుపు మీద కొట్టింది. కూతురు దీప్తి పెళ్లికి నిన్న ఇక్కడే కొన్న ఇటుకరంగు పట్టుచీర అందులో ఉంది.

"చీర మార్చినారు మీరు! నిన్న చూసింది ఇది కాదు. ఇంటికి పోయి పిల్లకు కడితే ఎండిన చెట్టుకు చుట్టినట్లుండాది."

నారాయణ అంచుకున్న చీటీలో నంబరూ, బిల్లులో నంబరూ ఒకటేనని చూపాడు. ఆమె నమ్మలేదు. మార్చారన్న మాట బజారులో పడితే కష్టం. యజమాని మహేష్ లేచి వచ్చాడు.

"కట్టి చూపించక్కా."

షహనాజ్ కట్టింది. పైట ఎత్తేటప్పుడు భుజం పట్టేసింది. చేయి కొంచెం జారి, మళ్లీ లేచింది.

"ఇదో! ఇదే చీర!" శివమ్మ అరిచింది. "ఈసారన్నా మార్చకుండా కట్టియ్యండి."

"అదీ ఇదీ ఒగటేనమ్మా," అన్నాడు మహేష్. "మారింది మనిషి."

శివమ్మ చీరనూ షహనాజ్‌నూ మార్చి మార్చి చూసింది.

"అట్లయితే ఈయమ్మను గూడా సంచిలో ఏసియ్యండప్పా."

కొట్టంతా నవ్వింది. షహనాజ్ అద్దంలో చూసుకుంది. తన మొహం కూడా నవ్వుతోంది. పొగడ్తలో కల్తీ ఉండొచ్చు. సరుకు తిప్పివ్వడానికి వచ్చి పోట్లాడే మనిషి మాటలో ఉండదు.

"పిల్లను తలెత్తి నిలబడమని చెప్పమ్మా," అంది చీర విప్పుతూ. "కుచ్చిళ్లు కొంచెం సన్నంగా పెట్టు. శానా బాగుంటాది."

శివమ్మ అదే చీరతో వెళ్లింది.

సాయంత్రం షహనాజ్ మహేష్ ముందు నిలబడింది. "రేప్పట్నుంచి రానప్పా. పులివెందులకు పోతాండా."

అతను తలెత్తి చూశాడు. "చెయ్యి లేపల్యాక పోతాండావని నేనూ చూస్తానే ఉండా. పో అక్కా, కూచ్చోని చేసుకో."

ఇంత సులువా! రెండు నెలలుగా మోస్తున్నది ఒక్క మాటతో దిగింది. ఆ రాత్రి పులివెందుల బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ముద్దనూరు రాకముందే, నోరు కొంచెం తెరుచుకుని, నిద్రపోయింది.

కొట్టులో అద్దం పక్క మేకుకు, పనివేళల్లో ఆమె చీరల కింద తొడుక్కునే నల్లకోటు వేలాడుతోంది. గుడ్డంతా వెలిసిపోయింది గానీ, ఎడమ భుజం ఒక్కటే, పట్టు రాసుకుని రాసుకుని, నున్నగా మెరుస్తోంది.